పెరట్లో తోట రైలు మొదలుపెట్టబోతున్నాను: కింద కాంక్రీటు పోయాలా, కంకర సరిపోతుందా?

పెరటిదారి:

అందరికీ నమస్కారం. ఇంట్లో బల్ల మీద చిన్న రైళ్లు నడిపిన అనుభవం నాకు చాలా ఏళ్లుగా ఉన్నది కాని, ఆరుబయట నేల మీద పట్టాలు వేయడం పూర్తిగా కొత్త. ఇటీవల 45 మిల్లీమీటర్ల గేజి (రెండు పట్టాల మధ్య దూరం) స్టార్టర్ సెట్టు ఒకటి చేతికి వచ్చింది. అందులో ఆవిరి ఇంజను ఆకారంలో ఉండి విద్యుత్తుతో నడిచే నాలుగు చక్రాల ఇంజను, రెండు పొట్టి పెట్టెలు, 600 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో పూర్తి వలయమయ్యే పన్నెండు వంపు ముక్కలు, ఒక ట్రాన్స్‌ఫార్మరు ఉన్నాయి. హాలులో పరిచి నడిపి చూసిన సాయంత్రమే, ఇది గదిలో ఉండవలసిన బండి కాదని ఇంట్లోవాళ్లు తేల్చేశారు.

పెరడు 9 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉంటుంది. పొడవు వెంట ఒక కొస నుంచి మరో కొసకు సుమారు 30 సెంటీమీటర్ల పల్లం ఉన్నది. నేల బంకమన్ను కాబట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. ఎగువ మూలలో పెద్ద చెట్టు ఒకటి ఉన్నది. దానిని కదిలించే ఉద్దేశం లేదు.

నా ఊహలో ఉన్న దారి ఎనిమిది అంకె ఆకారంలో ఉంటుంది. బండి మెల్లగా ఎత్తెక్కి, తన దారినే వంతెన మీదుగా దాటి, మళ్లీ కిందికి దిగాలి. వంతెన పక్కన చిన్న నీటి గుంట కూడా ఉంటే బాగుంటుందని అనుకుంటున్నాను. పట్టాల కింద మొత్తం కాంక్రీటు పరుపు పోయడమే మంచిదని ఒక బంధువు సలహా ఇచ్చారు, కంకర చాలునని మరొకరు అన్నారు. కాంక్రీటు పోశాక మనసు మారితే ఏమిటన్న భయం ఒకవైపు, కంకర వేస్తే మొదటి పెద్ద వానకే కొట్టుకుపోతుందన్న భయం మరొకవైపు నన్ను పట్టి ఆపుతున్నాయి. సెట్టుతో వచ్చిన వంపు ముక్కలనే వాడుకోవచ్చా, కరెంటు పట్టాల ద్వారానే ఇవ్వాలా లేక బ్యాటరీ మేలా, అసలు తవ్వకానికి ముందు చేయవలసిన మొదటి పని ఏమిటి అన్నవి నా తక్కిన సందేహాలు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.


కంకరకట్ట:

పెరటిదారి గారికి నమస్కారం. మీరు కాంక్రీటు సంగతి ముందుగా అడిగారు గాని, మీ స్థానంలో నేనుంటే ఆ ప్రశ్నను కొన్ని నెలలు పక్కన పెడతాను. తోట రైలుకు మొదటి శత్రువు నీరు. మీ పెరట్లో నీరు ఎటు నుంచి వచ్చి, ఎక్కడ నిలిచి, ఎటు పోతుందో తెలియకుండా ఏ పరుపు వేసినా అది ఊహ మీద కట్టినదే అవుతుంది. అందుకని మీ మొదటి పనికి పార అక్కరలేదు, గొడుగు చాలు. గట్టిగా వాన పడుతున్నప్పుడు పెరట్లోకి వెళ్లి, నీరు పారే దారులను, మడుగు కట్టే చోట్లను ఒక కాగితం మీద గీసుకోండి. వాన వెలిసిన గంటకు, మళ్లీ మరునాటి ఉదయం కూడా అదే పని చేయండి. మరునాటికి కూడా తడి వదలని చోట పట్టాలు వేయకూడదు, లేదా అక్కడ నీటికి వేరే దారి చూపించాకే వేయాలి.

రెండవ పని కూడా తవ్వకం కాదు. తోటకు నీళ్లు పట్టే గొట్టాన్నో, లావుపాటి తాడునో నేల మీద పరిచి, మీరు అనుకున్న దారిని పూర్తి కొలతలో గీయండి. రెండు మూడు రోజులు దానిని అలాగే ఉంచి, దాని చుట్టూ తిరగండి, బట్టలు ఆరేయండి, మొక్కలకు నీళ్లు పోయండి. ఎక్కడ కాలు అడ్డుపడుతుందో, ఏ మూలకు చేయి అందదో కాగితం మీద ఎప్పటికీ తెలియదు. పట్టాలు తప్పిన బండిని వంగి తీయాలంటే మనిషి చేయి సుమారు 60 సెంటీమీటర్లకు మించి సుఖంగా అందదు. గోడకు ఆనించి దారి వేస్తే గోడవైపు ఆకులు ఊడ్చడం కూడా కష్టమే కాబట్టి అన్ని వైపులా 60 సెంటీమీటర్లు వదలండి.

అలా వదిలితే మీకు 7.8 మీటర్ల పొడవు, 3.8 మీటర్ల వెడల్పు మిగులుతుంది. కొసల్లో 1.5 మీటర్ల వ్యాసార్థంతో వంపులు తీసుకుంటే వెడల్పులో 3 మీటర్లు పోతుంది, రెండు పక్కలా 4.8 మీటర్ల చొప్పున తిన్నని దారి వస్తుంది, వలయం మొత్తం 19 మీటర్లు అవుతుంది. మొదటి దారికి ఇది చాలినంత పొడవు. సెట్టులోని 600 మిల్లీమీటర్ల వంపుల మీద మీ పొట్టి ఇంజను నిశ్చింతగా తిరుగుతుంది కాని, రేపు పొడవాటి పెట్టె ఒకటి కొన్నారంటే అది వంపులో సగం బయటికి తోసుకొని వచ్చి, పక్కనున్న పెట్టెను కప్లింగు దగ్గర పట్టి లాగుతుంది. కొనేటప్పుడే పెద్ద వంపులు తీసుకోవడం తరవాత అంతా పెరికి మళ్లీ వేయడం కంటే తేలిక. ఆ పన్నెండు ముక్కలను పారేయకండి, వాటికి వేరే ఉపయోగం ఉన్నది, చివర చెబుతాను.

ఇక ఎనిమిది అంకె గురించి. మీ మనసు నొప్పించడం ఇష్టం లేదు గాని లెక్క చూడండి. వంతెన కింద నుంచి ఈ కొలత బండి ఒకటి దూరాలంటే వంతెన మందంతో కలిపి సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. బండి సుఖంగా ఎక్కే వాలు నూటికి 2, అంటే మీటరుకు 2 సెంటీమీటర్లు. ఆ వాలుతో 25 సెంటీమీటర్లు ఎక్కడానికి 12.5 మీటర్లు, దిగడానికి మరో 12.5 మీటర్లు, మొత్తం 25 మీటర్లు కావాలి. మీ వలయమే 19 మీటర్లు. నూటికి 4 పెడితే సగం దూరంలో పని ముగుస్తుంది కాని, అప్పుడు ఇంజను రెండు పెట్టెలతోనే ఆయాసపడుతుంది, వంపులో ఎక్కవలసి వస్తే చక్రాలు జారుతాయి, దిగేటప్పుడు వెనుక పెట్టెలు ముందుకు నెట్టుకొస్తాయి. సమతలంగా ఒక వలయం, దానిలో ఒక చోట నేలను తగ్గించి దాని మీదుగా ఒక చిన్న వంతెన పెట్టుకుంటే వంతెన ముచ్చటా తీరుతుంది, వాలు బాధా ఉండదు.

సమతలం అన్నాను కదా అని నేలంతా చదును చేయనక్కర లేదు. అసలు రైలుమార్గాలు వేసినట్టే ఎగువ కొసన 15 సెంటీమీటర్లు తవ్వి, ఆ మన్నుతో దిగువ కొసన 15 సెంటీమీటర్ల కట్ట పోయండి. కోతలోకి నీరు దిగుతుంది కాబట్టి దాని పక్కనే చిన్న కాలువ తీయాలి. కట్ట దగ్గర నీరు ఆగి వెనుక మడుగు కడుతుంది కాబట్టి అడ్డంగా ఒక గొట్టం పెట్టి తూము వదలాలి. తూము లేని కట్ట ఎంత గట్టిగా పోసినా ఒక రాత్రి వానకు మధ్యలో తెగిపోతుంది. నా మొదటి కట్ట అలా తెగినదే, దానికి నన్ను తప్ప ఎవరినీ అనడానికి లేదు. మన్నును ఒక్కసారిగా కుప్ప పోయకుండా అరచేయి మందం పొరలుగా వేసి, ప్రతి పొరను కొద్దిగా తడిపి దిమ్మిసతో కొట్టండి.

దాని మీద 15 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల లోతు గాడి తీసి కంకర నింపాలి. మీ 19 మీటర్లకు సుమారు 0.3 ఘనపు మీటరు పడుతుంది, అంటే బరువులో 400 కిలోలకు పైమాటే. నున్నని గులకరాళ్లు మాత్రం వద్దు. అవి పూసల్లా దొర్లుతాయి. పగలగొట్టిన, అంచులు పదునుగా ఉన్న చిన్న రాళ్లు ఒకదానినొకటి పట్టుకొని నిలుస్తాయి. కింద కొంచెం పెద్దవి, పైన స్లీపర్ల (పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మల) మధ్య 3 నుంచి 6 మిల్లీమీటర్ల చిన్నవి, వాటిలో కొద్దిగా రాతిపొడి కలిపితే బాగా బిగుస్తుంది. పట్టాలను దేనికీ మేకులతో కొట్టకుండా ఆ కంకరలో తేలినట్టు వదిలేయండి. వాన తరవాత ఒకటి రెండు చోట్ల దిగినా, పట్టాను కాస్త లేపి కింద గుప్పెడు కంకర తోస్తే మళ్లీ మట్టానికి వస్తుంది. నిజమైన రైలుదారికి చేసే మరమ్మతూ ఇదే.


తాపీపని:

కంకరకట్ట గారు చెప్పినదానిలో చాలా భాగంతో ఏకీభవిస్తూనే, కాంక్రీటు తరఫున నాలుగు మాటలు చెప్పాలి. ఏటా రెండుసార్లు కూర్చొని పట్టాలను మట్టానికి తేవడం కొందరికి సరదా, కొందరికి నడుము నొప్పి. పెరట్లో పిల్లలు పరుగెత్తినా, కుక్క గెంతినా కంకర చెదురుతుంది. కలుపు కూడా కంకరలోనే సులువుగా మొలుస్తుంది. ఇవన్నీ కాంక్రీటుతో తగ్గుతాయన్నది నిజం.

అయితే బంకమన్ను మీద సన్నని కాంక్రీటు పట్టీ నేరుగా పోస్తే అది నిలవదు. కింది మన్ను ఒక కాలంలో ఉబ్బి, మరో కాలంలో కుంచించుకుపోతుంటే పైనున్న పట్టీ ఎక్కడో ఒక చోట విరుగుతుంది, విరిగిన చోట ఒక ముక్క పైకి, మరొకటి కిందికి పోయి, బండి సరిగ్గా అక్కడే పట్టాలు తప్పుతుంది. పోయదలిస్తే కింద దిమ్మిస కొట్టిన కంకర పొర ఉండాలి, లోపల సన్నని ఇనుప చువ్వలు ఉండాలి, రెండు మూడు మీటర్లకు ఒకసారి పట్టీని తెంపి సందు వదలాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పట్టాలను దానికి స్క్రూలతో గట్టిగా బిగించకూడదు. ఇత్తడి కమ్మీ 10 మీటర్ల పొడవుకు 40 డిగ్రీల ఉష్ణోగ్రత తేడా వస్తే దాదాపు 7.6 మిల్లీమీటర్లు సాగుతుంది, అల్యూమినియం 9 మిల్లీమీటర్ల పైన సాగుతుంది. ఎండలో కమ్మీ గాలి కంటే చాలా ఎక్కువగా వేడెక్కుతుంది కాబట్టి ఆ తేడా అసాధ్యమేమీ కాదు. సాగిన కమ్మీకి పోయే దారి లేకపోతే పాములా మెలికపడుతుంది. అందుకే మీటరు మీటరున్నర ముక్కలతో వేసేటప్పుడు అతుకు దగ్గర ఒక మిల్లీమీటరు సందు వదిలి, మరీ ఎండగానూ మరీ చలిగానూ లేని వేళ చూసి పని చేయడం మంచిది.

మీ దిగువ కొసకు నేను కట్టకు బదులు స్తంభాలు సూచిస్తాను. నెర్రెలు దిగే లోతును దాటేలా గుంతలు తీసి, మీటరుకొకటి చొప్పున పొట్టి స్తంభాలు పాతి, వాటి మీద రెండు ప్లాస్టిక్ పట్టీల మధ్య చిన్న దిమ్మలు బిగించి నిచ్చెన లాంటి వంతెన వేయవచ్చు. పట్టీలు సన్నగా ఉంటాయి కాబట్టి ఎలా కావలిస్తే అలా వంగుతాయి, వంపు దానంతట అదే సాఫీగా వస్తుంది. నీరు కింద నుంచి స్వేచ్ఛగా పోతుంది, తూము బెడదే ఉండదు. మొదటి ఏడాది మాత్రం కంకరతోనే గడపండి, అందులో నాకు భేదాభిప్రాయం లేదు.


ఆవిరిబండి:

కరెంటు సంగతి ఎవరూ ఇంకా ముట్టుకోలేదు కాబట్టి నేను అందుకుంటాను. దానికి ముందు కొలతల గురించి ఒక హెచ్చరిక చేయాలి, ఎందుకంటే ఈ అభిరుచిలో కొత్తవారు డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. బల్ల మీది రైళ్లలో గేజి ఒకటైతే నిష్పత్తి, అంటే అసలు బండికంటే బొమ్మ ఎన్నో వంతు అన్న లెక్క కూడా సాధారణంగా ఒకటే. తోట రైళ్లలో అలా కాదు. అదే 45 మిల్లీమీటర్ల పట్టాల మీద నాలుగైదు నిష్పత్తుల బండ్లు తిరుగుతాయి. 1968లో జర్మనీకి చెందిన లేమాన్ సంస్థ ఎల్‌జీబీ పేరుతో తోట రైళ్లను విడుదల చేసినప్పుడు 1:22.5 నిష్పత్తిని ఎంచుకున్నది. మీటరు గేజిని 22.5తో భాగిస్తే 44.4 మిల్లీమీటర్లు వస్తుంది కాబట్టి లెక్క సరిపోయింది. అదే పట్టాను 1435 మిల్లీమీటర్ల ప్రామాణిక గేజి అనుకుంటే నిష్పత్తి 1:32 అవుతుంది, మూడడుగుల గేజి అనుకుంటే 1:20.3 అవుతుంది. ఇవి గాక 1:29, 1:24 కూడా ఉన్నాయి. అన్నీ మీ పట్టాల మీద తిరుగుతాయి, కాని పక్కపక్కన నిలబెడితే ఒకటి పెద్దన్నలా, మరొకటి చంటిపిల్లలా కనిపిస్తాయి. 1.7 మీటర్ల మనిషి 1:22.5లో 7.6 సెంటీమీటర్లు ఉంటాడు, 1:32లో 5.3 సెంటీమీటర్లే ఉంటాడు. స్టేషను గాని, బొమ్మ మనుషులను గాని కొనేముందు మీ ఇంజను డబ్బా మీద ఏ నిష్పత్తి రాసి ఉన్నదో చూసుకోండి. తరవాత ఆ ఒక్కదానికే కట్టుబడి ఉంటారా లేదా అన్నది మీ ఇష్టం. నేనైతే కట్టుబడలేదు, నా స్టేషనులో కొందరు ప్రయాణికులు తలుపులోంచి దూరలేరు.

ఇక శక్తి. పట్టాల ద్వారా కరెంటు ఇవ్వడం మొదట్లో తేలిక, ఎందుకంటే మీ దగ్గర ట్రాన్స్‌ఫార్మరు ఉన్నది. కాని ఆరుబయట ఇత్తడి మీద చిలుము పడుతుంది, నడపాలనుకున్న ప్రతిసారీ పొడవాటి కర్రకు కట్టిన గరుకు బట్టతో కమ్మీల పైభాగాన్ని తుడవాలి. అందరూ కమ్మీల పొడవును చూసి భయపడతారు గాని, ఈ కొలత ఇత్తడి కమ్మీ 8 మిల్లీమీటర్లకు పైగా ఎత్తున్న దిట్టమైన లోహం, దానిలో కరెంటు పెద్దగా తగ్గదు. తగ్గేదంతా అతుకుల దగ్గరే. మీటరున్నర ముక్కలతో 19 మీటర్ల వలయం వేస్తే రెండు కమ్మీలకు కలిపి 26 అతుకులు వస్తాయి. ఒక్కొక్కదానిలో మన్నూ తేమా చేరితే బండి ఆ మూలకు వెళ్లేసరికి మెల్లబడుతుంది. స్క్రూలతో బిగించే క్లాంపులు వాడితే ఈ బాధ చాలావరకు పోతుంది, విప్పి మార్చుకోవడమూ సులువే. ట్రాన్స్‌ఫార్మరును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ బయట పెట్టకండి. అది ఇంటి లోపల పొడిగా ఉండాలి, బయటికి తక్కువ వోల్టేజి తీగ మాత్రమే రావాలి.

బ్యాటరీ పద్ధతిలో పట్టాల శుభ్రత గొడవ ఉండదు. ఇంజనులో గాని దాని వెనుక పెట్టెలో గాని లిథియం బ్యాటరీని, రేడియో రిసీవరును అమర్చి, చేతిలోని చిన్న పెట్టెతో నడపవచ్చు. నాలుగు సెల్లులు వరసగా కలిపితే 14.8 వోల్టులు వస్తాయి. మీ ఇంజను వంటిది సగటున ఒక ఆంపియరు తీసుకుంటే, 3 ఆంపియర్-గంటల బ్యాటరీతో ఒక సాయంత్రం గడిచిపోతుంది. అతి చార్జింగును ఆపే రక్షణ సర్క్యూట్ ఉన్న బ్యాటరీనే తీసుకోవాలి, చార్జింగులో పెట్టి ఇల్లు వదిలి వెళ్లకూడదు, మండుటెండలో పెట్టెలోనే వదిలేయకూడదు. బ్యాటరీకే వెళ్లాలని ముందే తేల్చుకుంటే అల్యూమినియం కమ్మీలతో తక్కువ ఖర్చులో దారి వేసుకోవచ్చు. అల్యూమినియం మీద ఏర్పడే పొర కరెంటును ఆపుతుంది కాని, పట్టాల్లో కరెంటే లేనప్పుడు దానితో మనకు పని లేదు.

నా పేరు చూసి ఆవిరి ఇంజను గురించి చెబుతాననుకొని ఉంటారు. బ్యూటేన్ వాయువుతో నిజంగా నీరు మరిగించి నడిచే చిన్న ఇంజన్లు ఉన్నాయి, వాటి రుచి ఒకసారి తగిలితే వదలదు. రెండు విషయాలు మాత్రం గుర్తుంచుకోండి. వాటిలో చాలావాటి చక్రాలకు ఇన్సులేషన్ ఉండదు కాబట్టి కరెంటున్న పట్టాల మీద పెడితే షార్ట్ అవుతుంది. రేడియో కంట్రోలు లేనివి వాలు దిగేటప్పుడు మన మాట వినవు. మీ దారిని సమతలంగా వేయమన్న సలహాకు నా వంతు మద్దతు ఇదే.


పెరటిదారి:

ఇంత వివరంగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. కంకరకట్ట గారి మాట ప్రకారం నిన్నటి వానలో గొడుగు వేసుకొని పెరట్లో అరగంట నిలబడ్డాను. ఇన్నేళ్లుగా ఉంటున్న ఇంట్లో నాకు తెలియని కాలువ ఒకటి ఉన్నదని అప్పుడే తెలిసింది. పైకప్పు నుంచి దిగే నీరు ఎగువ మూల నుంచి ఐమూలగా పారి, సరిగ్గా నేను నీటి గుంట పెట్టాలనుకున్న చోటుకు రెండడుగుల ఇవతల నిలుస్తున్నది. ఈ ఉదయానికి కూడా అక్కడ మట్టి కాలికి అంటుకుంటున్నది.

ఎనిమిది అంకెను వదులుకున్నాను. కాగితం మీద 25 మీటర్ల లెక్క చూశాక వాదించడానికి ఏమీ మిగలలేదు. తాడుతో వలయం గీసి చూస్తే చెట్టు దగ్గర వంపు మొదలు దాని బోదెకు ముప్పావు మీటరు దూరంలో వస్తున్నది. వేళ్లు పట్టాలను లేపుతాయా? చెట్టు కింద ఆకులు విపరీతంగా రాలుతాయి. కంకర కింద నల్లని కలుపు నిరోధక గుడ్డ వేస్తే మొక్కలు రాకుండా ఉంటాయని విన్నాను. మొక్కల విషయంలో నాకు ఏమీ తెలియదు.


పచ్చగట్టు:

తోటపని నుంచి రైలు పనిలోకి వచ్చినవాడిని కాబట్టి మీ చివరి ప్రశ్నలకు జవాబిస్తాను. చెట్టు బోదె చుట్టూ లావుపాటి వేళ్లు నేలకు దగ్గరగానే పరచుకొని ఉంటాయి, ఏటా కొంత లావెక్కుతాయి. ముప్పావు మీటరు దూరంలో కోత తవ్వితే మీరు వాటిని నరకవలసి వస్తుంది. అది చెట్టుకూ మంచిది కాదు, నరికిన చోట కొత్త వేళ్లు గుంపుగా వస్తాయి కాబట్టి దారికీ మంచిది కాదు. కంకరకట్ట గారు చెప్పిన 15 సెంటీమీటర్ల కోత సరిగ్గా ఆ మూలకే వస్తున్నది. వలయాన్ని చెట్టుకు దూరంగా జరపండి, వీలుకాకపోతే ఎగువ కొసన తవ్వకం మానుకొని, దారి మొత్తాన్ని ఆ కొస మట్టానికి తెచ్చి, దిగువన తాపీపని గారి స్తంభాల మీద ఎత్తండి. 30 సెంటీమీటర్ల ఎత్తున స్తంభాల మీద పోయే బండి కంటికి కూడా బాగుంటుంది, వంగే బాధ తగ్గుతుంది.

నల్ల గుడ్డ గురించి నా అభిప్రాయం అంత మంచిది కాదు. బంకమన్ను కంకరలోకి ఎగదన్నకుండా అది ఆపుతుంది, ఆ మేరకు వేయండి. కలుపును మాత్రం మొదటి రెండేళ్లే ఆపుతుంది. తరవాత గాలికి వచ్చిన మన్ను, చివికిన ఆకులు కంకర సందుల్లో చేరి, గుడ్డకు పైభాగానే విత్తనాలు మొలుస్తాయి, వాటి వేళ్లు గుడ్డలోకి అల్లుకుంటాయి. అప్పుడు మొక్కను లాగితే గుడ్డ, గుడ్డతో పట్టాలు లేస్తాయి. వారానికొకసారి చీపురుతో ఆకులు ఊడ్చడమే అసలైన కలుపు నివారణ.

మొక్కల ఎంపికలో ఒక కొలత గుర్తుంచుకుంటే చాలు. మీ నిష్పత్తి 1:22.5 అయితే, 5 మిల్లీమీటర్ల ఆకు బొమ్మ మనిషి కంటికి 11 సెంటీమీటర్ల ఆకులా ఉంటుంది, చెట్టు ఆకు అనిపిస్తుంది. 8 సెంటీమీటర్ల ఆకు ఉన్న మొక్కను పట్టాల పక్కన పెడితే అది 1.8 మీటర్ల ఆకు అవుతుంది, బండి చిన్నబోతుంది. ఆకు చిన్నదిగా, కణుపుల మధ్య దూరం తక్కువగా, కత్తిరింపును ఓర్చుకునేలా ఉన్న మొక్క ఏదైనా పనికొస్తుంది. నేల పాకుడు మొక్కలు పచ్చిక బయలులా కనిపిస్తాయి కాని, అవి పాకేది పట్టాల మీదికే. పట్టాకు ఇరుపక్కలా అరచేయి వెడల్పు ఖాళీ వదిలి అక్కడి నుంచి నాటండి. జిగురు కార్చే మొక్కలు, కాయలు పగిలి గింజలు చిమ్మే మొక్కలు వద్దు. ఒక్క గింజ పాయింటు (బండిని ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే చోటు) నాలుక సందులో పడితే చాలు, బండి రెండు దారుల్లోనూ ఒకేసారి పోవాలని చూస్తుంది.

మరొక మాట కూడా చెప్పాలి. తడిగా ఉన్న రాత్రుల తరవాత నత్తలు కమ్మీల మీద విశ్రాంతి తీసుకుంటాయి. నడిపే ముందు దారంతా ఒకసారి నడిచి చూడండి. నవ్వకండి, ఇంజను చక్రాలు జారడానికి నా పెరట్లో మొదటి కారణం అవే.


కంకరకట్ట:

చెట్టు విషయంలో పచ్చగట్టు గారి మాటే సరైనది. నేను కోత అన్నప్పుడు వేళ్ల సంగతి తలచుకోలేదు. ఐమూలగా పారే నీటి దారిని కూడా మూయకండి. దారి దానిని దాటే చోటే మీ వంతెనకు సహజమైన చోటు. కింద నిజంగా నీరు పారే వంతెనకు ఉన్న అందం, గుంట తవ్వి పెట్టిన వంతెనకు రాదు.

మట్టాల గురించి ఒక వివరం మిగిలిపోయింది. పొడవు వెంట మట్టం కొద్దిగా అటూ ఇటూ అయినా బండి ఓర్చుకుంటుంది. అడ్డంగా, అంటే రెండు కమ్మీల మధ్య తేడా వస్తే మాత్రం ఓర్చుకోదు. వంపుల్లో బయటి కమ్మీ లోపలి దానికంటే ఎన్నడూ కిందికి ఉండకూడదు. చిన్న రసమట్టాన్ని ఒక చదునైన గూడ్సు పెట్టె మీద అడ్డంగా అంటించి, ఆ పెట్టెను చేత్తో నెట్టుకుంటూ వలయమంతా తిప్పండి. బుడగ ఎక్కడ పక్కకు జరిగితే అక్కడ కంకర తోయండి. స్తంభాల మట్టానికి నీళ్లు నింపిన పారదర్శక గొట్టం చాలు, 19 మీటర్ల చుట్టూ అది తప్పు చెప్పదు.

ఇక ఆ పన్నెండు వంపు ముక్కల సంగతి. అవి 1.2 మీటర్ల వ్యాసపు వలయం అవుతాయి కదా. వాటిని తాత్కాలికంగా నేల మీద, కింద గుప్పెడు కంకర మాత్రమే వేసి, మీరు దారి వేయాలనుకున్న చోట్లలో ఒక్కొక్క చోట వారం రోజులు ఉంచండి. బండి నడపండి, వాన పడనివ్వండి, మళ్లీ నడపండి. మీ బంకమన్ను వారంలో ఎంత కదులుతుందో ఆ చిన్న వలయమే చెబుతుంది. పాయింట్లు, సైడింగు (బండిని పక్కన నిలిపే దారి) వంటివాటి జోలికి అప్పటిదాకా వెళ్లకండి. తరవాత కొన్నా 600 మిల్లీమీటర్ల వంపు పాయింట్లు కాకుండా 1.2 మీటర్ల వంపువి కొనండి.


పెరటిదారి:

మూడు వారాల తరవాత రాస్తున్నాను. చిన్న వలయాన్ని మూడు చోట్ల పెట్టి చూశాను. ఇంటి గోడ వైపు వారం రోజుల్లో రసమట్టం బుడగ కదలనే లేదు. చెట్టు వైపు ఆకులు ఊడ్చడం తప్ప ఇబ్బంది రాలేదు, అయినా వలయాన్ని అక్కడి నుంచి అర మీటరు ఇవతలికి జరిపాను. దిగువ కొసన మాత్రం రెండు వానల తరవాత ఒక పక్క దాదాపు సెంటీమీటరు దిగింది, ఇంజను అదే ముక్క దగ్గర నాలుగు సార్లు పట్టాలు తప్పింది. అక్కడ కట్ట వద్దని, స్తంభాలే వేయాలని నిర్ణయించుకున్నాను. మొదటి రెండు గుంతలు నిన్న తవ్వాను. నెర్రెలు మోచేతి లోతు దాకా కనిపిస్తున్నాయి కాబట్టి ఇంకొక జానెడు కిందికి వెళ్లవలసి ఉన్నది.

కరెంటు విషయంలో ప్రస్తుతానికి ట్రాన్స్‌ఫార్మరుతోనే నడుపుతున్నాను. తాపీపని గారిని ఒకటి అడగాలి. స్తంభాల మీది ప్లాస్టిక్ పట్టీలు కూడా ఎండకు సాగుతాయి కదా, వాటికి ప్రతి స్తంభం దగ్గరా స్క్రూ బిగించాలా, లేక మధ్యలో కొన్నిటిని వదులుగా ఉంచాలా?


తాపీపని:

ప్లాస్టిక్ పట్టీ ఇత్తడి కంటే చాలా ఎక్కువ సాగుతుంది కాబట్టి మీ అనుమానం సరైనదే. వరస మధ్యలో ఉన్న ఒక స్తంభానికి మాత్రమే గట్టిగా బిగించండి. తక్కిన స్తంభాల దగ్గర పట్టీలో రంధ్రాన్ని పొడవుగా, స్క్రూ అటూ ఇటూ జరిగేలా తీయండి. పట్టీ పక్కకు జరగకూడదు, పొడవు వెంట మాత్రం జరగాలి. స్తంభాల వరస నేలను కలిసే రెండు కొసల్లోనూ పట్టీని కంకరలోకి ఒక జానెడు దిగనిచ్చి, అక్కడ వేలెడు సందు వదిలేయండి.